బల్లకట్టు నడవని రోజుల్లో పెళ్లికి

ఎల్‌బీ నగర్ చౌరస్తా

కృష్ణ అవతలి ఒడ్డున పెళ్లికి వెళ్లి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా కొత్తపేట గల్లీలో అందరూ ఒకటే అడుగుతున్నారు: "నీళ్లు బాగ ఉన్నయా?" ఉన్నాయి. ఎంత ఉన్నాయో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

రైతుబజారు వెనక సందులో నాకు జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. జ్యోతి అక్కడ నా దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసింది. పల్నాడు పిల్ల. టీచరు పరీక్ష కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో దిగి, ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలు నా దగ్గరికి వచ్చి హుక్కులు కుట్టేది. ఉద్యోగం రాలేదు, హాస్టల్ మారింది, కోచింగ్ మానేసింది, నా దుకాణం మాత్రం వదల్లేదు. చివరికి కటింగు కూడా తనే చేసేది. సంబంధం కుదిరిన రోజు, "నీ పెళ్లి జాకెట్టు నేనే కుడత, నేనే తెచ్చి నీ చేతుల పెడత" అని మాటిచ్చాను.

మాట ఇవ్వడం సులువు. శ్రావణం వచ్చేసరికి దుకాణంలో నిలబడే చోటు లేదు. గిరాకీ వాళ్లందరివీ కుట్టి ఇచ్చి, అందరికన్నా చివర జ్యోతి జాకెట్టు చేతికి తీసుకున్నాను. ఇంటి మనిషే కదా, ఏమనుకోదులే అనుకున్నాను. వారం ముందే చేరాల్సిన జాకెట్టుతో నేను ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడింది పెళ్లికి ముందు రోజు పొద్దున ఆరింటికి.

ఆ వేళకే అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. మెట్రో మెట్ల కింద కార్ల వాళ్లు "సూర్యాపేట, కోదాడ, ఒక్కరే, ఒక్కరే" అని అరుస్తుంటారు. ఎక్కి చూస్తే ఇంకో ముగ్గురికి చోటుంటుంది. నేను బస్సే ఎక్కాను. పక్క సీట్లో ఒక ముసలమ్మ, కంటికి నల్లద్దాలు. మలక్‌పేట దవాఖానాలో కన్ను చూపించుకుని కోదాడ దగ్గర తన ఊరికి పోతోంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"నదిల నుంచి పోతవా? డ్యాం గేట్లెత్తిండ్రంట బిడ్డా. చుట్టు తిరిగి పో."

"సాయంత్రం వరకు చేరాలె అవ్వా. చుట్టు తిరిగితే ఎట్లయితది?"

"అయితది. జర ఆలస్యమైతది, అంతే" అని ఆమె కళ్లు మూసుకుంది. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది కానీ తలకెక్కలేదు. చౌటుప్పల్ దాటే దాకా నేను ఫోన్లో టైమే చూసుకుంటూ కూర్చున్నాను. సూర్యాపేట ముందు హోటల్ దగ్గర బస్సు ఆపితే అందరూ ఇడ్లీలు తింటున్నారు. నేను పదిహేను రూపాయల టీ నిలబడే తాగి, డ్రైవరు లేచాడా లేదా అని రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను. డ్రైవరు మూడో వడ మీద ఉన్నాడు.

రేవు

కోదాడలో బస్సు మారి, హుజూర్‌నగర్‌లో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటో. దారి పొడవునా వరి నాట్లు, మధ్యమధ్య సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. వాన చిన్నగా పడుతూనే ఉంది. రేవు పేరు ఇక్కడ రాయను. నేను చెప్పబోయే సంగతి వల్ల ఒకరిద్దరికి ఇబ్బంది కావచ్చు.

చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. బల్లకట్టంటే రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి కట్టిన కదిలే నేల. మనుషులే కాదు, బండ్లూ, ట్రాక్టర్లూ, బర్రెలూ దాని మీద నది దాటుతాయి. మామూలు రోజుల్లో ఇరవై నిమిషాల్లో అవతలి ఒడ్డు. నేను ఆటో దిగేసరికి ఆ బల్లకట్టు ఇనుప తాళ్లతో ఒడ్డుకు కట్టేసి ఉంది. దిగే బాట మీద అడ్డంగా మోకు, మోకుకు ఎర్రగుడ్డ. మోకు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, రెయిన్‌కోటు వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని ఒక అమ్మాయి. ఆ ఊరి పంచాయతీ సెక్రటరీ, పేరు శిరీష. పాతికేళ్లు దాటి ఉండవు.

"అక్కా, పేరు, ఫోన్ నంబరు రాయండి. బల్లకట్టు బందు. పడవలు గూడ బందు."

"ఎప్పుడు చాలూ అయితది?"

"తెల్వదు. పైన ఇడిసిన నీళ్లు ఇంకా ఇక్కడికి చేరనే లేదు. ఇంకా పెరుగుతది. పొందుగుల వంతెన మీదికెంచి పోండి."

నది వైపు చూశాను. ఎర్రగా, ఏ చప్పుడూ లేకుండా పోతోంది. పెద్ద హోరు ఉంటుందనుకున్నాను. హోరు లేకపోవడం వల్ల, ఇదేం పెద్ద వరద అనిపించింది. అవతలి ఒడ్డు బాగానే కనిపిస్తోంది. మనుషులు చీమల్లా ఉన్నారు. గాలి ఇటు తిరిగినప్పుడు మేళం వినిపిస్తోంది. అది జ్యోతి వాళ్ల మేళమే. పెళ్లివారికి ఎదురు వచ్చి నిలబడ్డారు.

కానీ ఆ మగపెళ్లివారు ఇటు నా పక్కనే ఉన్నారు. మామిడాకులు కట్టిన రెండు ట్రాక్టర్ల మీద, పైన టార్పాలిన్ కప్పుకుని, ఒక నలభై మంది. పెళ్లికొడుకు మహేష్ ట్రాలీ అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. ఇటువైపు ఊరి అబ్బాయే, సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. జ్యోతిని చూడటానికి ఒకసారి మా దుకాణానికి వచ్చాడు. నన్ను చూసి దిగి వచ్చి నా సంచి అందుకున్నాడు.

"అక్కా, మీరు గూడ ఇక్కడ్నేనా! పొద్దుగాల్నుంచి గిట్లనే కూసున్నం."

"చుట్టు తిరిగి పోలేకపోయిండ్రా?"

"మా మామ ఇనడు. గంటల చాలూ అయితదంటడు. ఆ గంట పొద్దుగాల ఎనిమిదింటికి మొదలైంది."

ఆ మామ పేరు లింగయ్య. తెల్ల చొక్కా, తెల్ల మీసం. మోకు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. "గీ నీళ్లకు బల్లకట్టు ఆపుతరా? మా నాయిన కాలంల గింతకు రెండింతలు నీళ్లల్ల దాటినం" అన్నాడు శిరీషతో.

ఆ అమ్మాయి నోటుపుస్తకంలోంచి తలెత్తలేదు. "మీ నాయిన కాలంల ఎంతమంది మునిగిండ్రో ఎవరు రాసిండ్రు పెదనాయినా? నేనైతే రాయాలె."

ఒంటిగంట నుంచి నాలుగున్నర వరకు ఆ ఒడ్డు మీద నేను కూర్చున్నది పది నిమిషాలు కూడా ఉండదు. ఇరవై రూపాయలకు కాల్చిన కంకి కొని, సగం తిని, మిగతాది ఎక్కడో పెట్టి మరిచిపోయాను. జ్యోతి ఫోన్ చేసింది.

"అక్కా, ఎర్ర గొడుగు మీదేనా? మా అన్న చూశాడంట, ఇటూ అటూ ఒకటే తిరుగుతున్నారంట."

"జాకెట్టు నా దగ్గర్నే ఉంది జ్యోతీ."

"జాకెట్టుదేముందిలే అక్కా" అంది. ఆ తరువాత గొంతు మారింది. "రేపు పది నలభై రెండుకి ముహూర్తం. దాటగలరా?"

ఆ ప్రశ్న నన్ను ఒక్కచోట నిలబడనివ్వలేదు. ఒడ్డున వెయిటింగ్‌లో ఉన్నవాళ్లు ప్రతి అరగంటకూ ఒక కొత్త కబురు తెచ్చేవారు. గేట్లు దించారట. ఐదింటికి ఒక్క ట్రిప్పు వేస్తారట. ఫలానా ఊరి దగ్గర పడవ నడుస్తోందట. ప్రతి కబురుకూ అందరం లేచి నిలబడి, మళ్లీ కూర్చునేవాళ్లం. శిరీష మాత్రం ఒడ్డున పాతిన ఒక కర్ర దగ్గరికి పోయి, అది నీళ్లలో ఎంత మునిగిందో చూసి, వచ్చి రాసుకునేది. నేను వచ్చినప్పుడు ఆ కర్ర సగం బయట ఉంది. నాలుగింటికి కొస ఒక్కటే కనిపించింది.

పుట్టి

కోటయ్య ఆ ఒడ్డు జాలరి. చుట్ట కాలుస్తూ నా చుట్టూ రెండుసార్లు తిరిగి, మెల్లగా అన్నాడు: "అమ్మా, అర్జెంటా? పైన మలుపు కాడ నా పుట్టి ఉంది. ఇద్దరినైతే దాటిస్త. ఎవరికీ చెప్పకు."

పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి బుట్ట పడవ. కింద టార్పాలిన్, మీద తారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మహేష్‌కు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. కాళ్లు కడుక్కుని వస్తానన్నట్టు గొడుగు మూసి, జాకెట్టు సంచిని కొంగులో చుట్టుకుని, తుమ్మచెట్ల వెనక నుంచి కోటయ్య వెంట నడిచాను. కాళ్లకు హాయిగా ఉంది. పొద్దుటి నుంచి మొదటిసారి అవి ఎటో ఒక వైపు పోతున్నాయి.

మలుపు దగ్గర నీళ్లు ఒడ్డును కోసుకుంటూ వెళుతున్నాయి. పుట్టిలో కాలు పెట్టగానే అది తిరిగింది. కూర్చున్నాను. అడుగున చల్లగా తడి. అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంది. అంతవరకు ఒడ్డు నుంచి చూసిన నది వేరు, ఇప్పుడు నా మోచేతి పక్క నుంచి పోతున్నది వేరు. ఒక గుడిసె పైకప్పు, తాటాకులతో సహా, చెక్కు చెదరకుండా పోతోంది. నేను ఇంకోసారి చూసేసరికి అది చాలా దూరం వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది ఆ నీళ్ల వేగం.

"కోటయ్యా, నీకు భయం లేదా?"

"ఇరవై ఏండ్ల సంది గీ నీళ్ల మీదనే బతుకుతున్న" అన్నాడు. లేదని మాత్రం అనలేదు.

తాడు విప్పబోతుండగా చెట్ల వెనక అలికిడి. లింగయ్య మామ, ఆయన వెనక మహేష్, చెప్పులు చేతిలో పట్టుకుని. నేను పక్కకు జారుకోవడం మామ కనిపెట్టాడు.

"ఇంకొకరికి జాగ ఉంది గదా! పెండ్లికొడుకును ఎక్కియ్యి. మేమంత రేపైనా వస్తం. ఆడు దాటితే పెండ్లయితది."

మహేష్ మోకాళ్ల వరకు నీళ్లలోకి దిగి పుట్టి అంచు పట్టుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఈత వచ్చా మహేష్?"

"రాదక్కా" అన్నాడు. కానీ ఎక్కడానికి కాలు ఎత్తాడు. నేను కూర్చున్నాను కదా, ఏం కాదనుకున్నాడు. వాడి వెనక ఇంకెవరో వస్తున్నారు. చంటిబిడ్డను భుజాన వేసుకున్న ఒకావిడ, ఆమె భర్త, నెత్తిన సంచి. వాళ్లు పెళ్లివారు కూడా కాదు. మమ్మల్ని చూసి వచ్చారు.

"ఇద్దరినే అన్న గదమ్మా" అన్నాడు కోటయ్య కంగారుగా.

శిరీష పరుగెత్తుకుంటూ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బూట్లతోనే నీళ్లలోకి దిగి పుట్టి అంచును రెండు చేతులతో పట్టుకుంది. ఆయాసంతో మాట సరిగ్గా రావడం లేదు.

"అక్కా, అక్కడ నలభై మందిని పొద్దుగాల్నుంచి నేనొక్కదాన్నే ఆపుతున్న. ఆ మోకును చూసి ఎవరూ ఆగలే. ఒకర్ని చూసి ఒకరు ఆగిండ్రు. మీరు పోతే ఇంక నేనెవర్నీ ఆపలేను. మీరు దిగితే అందరూ దిగుతరు."

నేను మహేష్ ముఖం చూశాను. ఆవిడ భుజం మీద బిడ్డ నిద్రపోతోంది, దాని చెయ్యి కిందికి వేలాడుతోంది. సిగ్గుతో నా ఒళ్లంతా కాలిపోయింది. ఒక ఆలస్యం నాది. దాన్ని కప్పుకోవడానికి నేను బయలుదేరితే, ఇంతమంది నా వెనక నీళ్లలోకి దిగుతున్నారు.

లేచాను. పుట్టి ఒరిగింది, సంచి నీళ్లలో పడబోయింది. మహేష్ నన్నూ సంచినీ కలిపి పట్టుకున్నాడు. బురదలో మోకాళ్ల మీద పడ్డాను. ముందు బిడ్డ తల్లి వెనక్కి తిరిగింది. తరువాత మహేష్ గట్టెక్కాడు. కోటయ్య తాడు ముడి బిగించాడు. ఆయనకు కూడా నిశ్చింతగానే ఉన్నట్టు నాకనిపించింది.

లింగయ్య మామ మాత్రం కోపంగా నా మీదికి వచ్చాడు. "నువ్వెందుకు దిగినవమ్మా? ముహూర్తం తప్పితే నువ్వు జవాబు చెప్తవా?"

"చెప్త" అన్నాను.

జ్యోతికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఆయన దిగారా అక్కా?"

"దిగిండు. నా పక్కనే ఉన్నడు."

"చెయ్యి పట్టుకోండక్కా, వదలొద్దు. ఇక్కడ మా అన్న మీకోసం పడవ విప్పుతున్నాడు. మీరు ఎక్కారని ఎవరో చెబితే ఎదురొస్తానన్నాడు. ఉండండి, ముందు వాణ్ణి ఆపాలి." ఫోన్ పెట్టేయకుండానే పరుగెత్తింది. "అన్నయ్యా, కట్టెయ్! కట్టెయ్! వాళ్లు రావట్లేదు!" అని ఆమె అరుపు నాకు ఫోన్లో వినిపించింది. చాలాసేపు వినిపించింది.

వంతెన, వాగు

ఖాళీ టమాటా బుట్టలతో బల్లకట్టు కోసం వచ్చి వెనక్కి పోతున్న ఒక డీసీఎం వ్యానును శిరీష ఆపింది. డ్రైవరు ఒప్పుకున్నాడు. పెళ్లికొడుకు, తల్లిదండ్రులు, మామ, ఇంకో పది మంది, నేను. బుట్టల మీద బుట్టలు పేర్చి, మధ్యలో మేము. మిగతావాళ్లు ఊరికి వెళ్లిపోయారు. వ్యాను కదిలేటప్పుడు శిరీష తన పుస్తకంలో మా పేర్ల మీద ఒక్కొక్క గీత కొట్టింది.

మిర్యాలగూడ మీదుగా పొందుగుల వంతెనకు చేరేసరికి పొద్దు గూకింది. వ్యాను వంతెన ఎక్కింది. కింద అదే ఎర్రనీరు. ఈ చివర నుంచి ఆ చివరకు అయిదు నిమిషాలు. ఇంత తేలికగా ఉన్న దారిని పొద్దుటి నుంచి ఎందుకు కాదనుకున్నామో మాకెవరికీ తెలియలేదు.

కానీ వాన మమ్మల్ని అక్కడితో వదల్లేదు. జ్యోతి ఊరికి పదిహేను కిలోమీటర్ల ముందు వాగు రోడ్డు మీద నుంచి పొర్లుతోంది. ఇటు ఒక తాడు, అటు ఒక తాడు. ఈసారి ఎవరూ తాడు దాటే మాట ఎత్తలేదు. పక్క ఊరి బడి వరండాలో దిగాం. ఆ ఊరివాళ్లు ఎవరమని కూడా అడగకుండా అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ తెచ్చి పెట్టారు. పెళ్లివారని తెలిశాక ఇంకొకావిడ నెయ్యి గిన్నె పట్టుకొచ్చింది. మా నల్గొండ వైపు పచ్చిపులుసుకు అలవాటైన నాలుకకు ఆ గోంగూర కారం కళ్లలో నీళ్లు తెప్పించింది. లింగయ్య మామ మూడుసార్లు కలుపుకున్నాడు.

తెల్లవారాక వాగు దగ్గరే నిలబడ్డాం. నీళ్లు తగ్గుతున్నాయి, మెల్లగా. మామ గడియారం చూసుకుంటూ పది నలభై రెండు దాటగానే రోడ్డు మీద కూలబడ్డాడు. మహేష్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"మామా, నిన్న ఆ పుట్టి ఎక్కుంటే..." అని ఆపేశాడు.

మామ మేనల్లుడి మోకాలి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యలేదు. పదకొండున్నరకు పోలీసాయన తాడు విప్పాడు.

పెళ్లి

పన్నెండున్నరకు మేం దిగితే, వీధి మలుపులోకే జ్యోతి వచ్చేసింది. పసుపు చీర, తడి జుట్టు. పెళ్లికూతురు అలా రాకూడదని వెనక నుంచి ఆడవాళ్లు కేకలు. ఆమె మహేష్‌ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది. నా దగ్గరికి వచ్చి నా బురద చీర చూసి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది.

పంతులుగారు పంచాంగం తిరగేసి సాయంత్రం గోధూళి వేళ బాగుందన్నారు. బాగాలేదని అనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదనుకోండి. జ్యోతి అన్న నా దగ్గరికి వచ్చి, "నిన్న పడవ సగం విప్పానండీ" అని చెప్పి, చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. "నేనైతే పుట్టి ఎక్కి కూసున్న" అన్నాను.

జాకెట్టు చేతుల దగ్గర బిగుతైంది. తొమ్మిదేళ్లు నా దుకాణంలో కొలతలు తీసిన పిల్లకు నేను కొలత తప్పాను. గదిలో కింద కూర్చుని కుట్లు విప్పుతుంటే, "ఇంకొంచెం వదలండక్కా, అక్కడ గుడ్డ ఉంచారుగా" అని తనే నాకు చూపించింది. బయట మేళం మొదలైంది. మా వైపు పుస్తెమట్టెలంటాం, వాళ్లు మంగళసూత్రం అంటారు. మా వైపు విందులో బగారా అన్నం లేకపోతే పెదవి విరుస్తారు, ఇక్కడ ముద్దపప్పు, ఆవకాయ, గారెలు. నాతో వచ్చిన పద్నాలుగు మందీ ఆ వేళ ఏదీ పోల్చి చూడలేదు. ఉన్నదంతా తిన్నారు.

పొద్దు గూకుతుండగా మహేష్ తాళి కట్టాడు. ఆ చేతుల వైపే చూస్తూ నిలబడ్డాను. అక్షతలు వేసి బయటికి వచ్చి శిరీషకు ఫోన్ చేశాను.

"పెండ్లయింది అమ్మా. ఇప్పుడే."

"అయిందా!" అని ఒక్క అరుపు అరిచింది. వెంటనే గొంతు తగ్గించింది. "అక్కా, ఇక్కడ ఇయ్యాల ఇంకా ఎక్కువ మంది ఉన్నరు. నీళ్లు ఇంకా పెరిగినయ్. కోటయ్య పుట్టిని పంచాయతీ ఆఫీసుల పెట్టించిన, కని ఇంకెవరిదో తెస్తమంటున్నరు. నా మాట ఇంటలేరు. ఫోన్ స్పీకర్ల పెడత, జర మీరు చెప్పరాదు?"

అటువైపు గాలి, మనుషుల గోల. నేను ఎక్కి కూర్చున్నానని, మళ్లీ దిగానని, ముహూర్తం తప్పిందని, అయినా పెళ్లి జరిగిందని, తోచినట్టు చెప్పాను. "మీకేం, మీ పని అయిపాయె" అన్నాడెవరో మగమనిషి. అది నిజమే.

ఆ తరువాత ఫోనుకు దగ్గరగా వచ్చి ఒక ఆడమనిషి అడిగింది: "అక్కా, ఆ వంతెన మీదికెంచి పోవాలంటే మిర్యాలగూడకు బస్సు ఎక్కడ ఎక్కాలె?"

నేను చెప్పాను. ఆమె వెనక ఇంకెవరో, "జర మళ్ల చెప్పమను, రాసుకుంట" అంటున్నారు. మళ్లీ చెప్పాను.